గ్యాస్ ఉన్నా కట్టెలెందుకు?

వంట చేసే ఆడవాళ్లు ఎంత పొగ పీలుస్తున్నారో 1980ల మొదట్లోనే గుజరాత్ పల్లెల్లో కొలిచి చూపిన శాస్త్రవేత్త కర్క్ స్మిత్. ఆ తర్వాత 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం, 2016లో దేశమంతటా ఉజ్వల గ్యాస్ కనెక్షన్ పథకాలు వచ్చాయి. అయినా చాలా ఇళ్లలో గ్యాస్ టీకీ, చుట్టాలొచ్చినప్పుడు కూరకీ. స్నానాల నీళ్లకు మాత్రం కట్టెలే. అలవాటు మానరని ఇల్లాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ భారత్ (తమిళనాడు) సహా నాలుగు దేశాల్లో సుమారు 3,200 మంది గర్భిణులతో సాగిన హేపిన్ పరిశోధనలో, గ్యాస్ ఉచితంగా అందుకున్నవాళ్లు కట్టెలు దాదాపు మానేశారు.

అక్కడ పొగ తగ్గినా పుట్టిన బిడ్డల బరువు చెప్పుకోదగ్గంత పెరగలేదు, నిజమే. అంతమాత్రాన తల్లి ఊపిరితిత్తులకు పొగ మంచిదైపోదు. గ్యాస్ కూడా శిలాజ ఇంధనమే కదా అంటారు. సరిగా మండని కట్టె వదిలే మసి సైతం భూమిని వేడెక్కించేదే. అసలు అడ్డంకి అలవాటు కాదు, రీఫిల్ ధర.