యానిమేషన్ కోర్సు ఫీజు కట్టేముందు 2 నెలలు ఎద్దు బొమ్మ గీశా: బిగినర్స్ కోసం నా అనుభవం

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ రివ్యూ కాదు. చేతిలో ఉన్న ఫోను, పాత ల్యాప్‌టాప్‌తో కార్టూన్ క్యారెక్టర్ గీసి దాన్ని నడిపించడం ఎలాగో రాస్తున్నా. నేనేం ఎక్స్‌పర్ట్‌ని కాదు, 2 నెలల క్రితం వరకూ లేయర్ అంటే ఏంటో కూడా తెలీదు. అందుకే బిగినర్ ఎక్కడెక్కడ ఇరుక్కుంటారో నాకింకా గుర్తుంది.

మాది ఎడ్లపాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే హైవే మీద వస్తుంది. డిగ్రీ అయిపోయాక యానిమేషన్ నేర్చుకుందామని ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళా. ఫీజు 85,000, అది కాకుండా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ కొనుక్కోవాలి, ఈ ఆదివారం లోపు కడితే డిస్కౌంట్ అన్నారు. ఇంటికొచ్చి చెప్తే నాన్న ఒక్క నిమిషం ఆలోచించి సరే కడదాం అన్నాడు. వద్దంటే పోట్లాడేదాన్నేమో గానీ, సరే అనేసరికి భయమేసింది. అది మిర్చి డబ్బు. ఆ ఏడాది రేటు ఎలా ఉందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అసలు నాకు ఇది వస్తుందో రాదో తెలీకుండా అంత డబ్బు ఎలా పెట్టించడం? 2 నెలలు టైమ్ ఇవ్వు నాన్నా, ఉన్నవాటితో గీసి చూపిస్తా, నచ్చితే అప్పుడు కడదాం అన్నా.

ఏం గీయాలి అన్నదానికి పెద్దగా ఆలోచించలేదు. ఊరి పేరులోనే ఎడ్లున్నాయి కదా, ఒంగోలు ఎద్దునే గీద్దామనుకున్నా. నాలుగు కాళ్ళ జంతువుతో మొదలుపెట్టడం బిగినర్ చేయకూడని పని అని తర్వాత తెలిసింది.

మొదట ఫోన్‌లో ఫ్లిపాక్లిప్ యాప్ వేసుకున్నా. నిజంగా మంచి యాప్, ఫ్రేములు పక్కపక్కన కనపడతాయి, అరగంటలో ఒక బంతిని ఎగరేయొచ్చు. ఫ్రీ వెర్షన్‌లో వాటర్‌మార్క్ వస్తుంది, లేయర్లు కూడా తక్కువే. కానీ నా అసలు సమస్య వేలు. మన ఫోన్ల స్క్రీన్ కెపాసిటివ్ టైపు. వేలు ఆనిన చోటంతా లెక్కగట్టి, దాని మధ్యలో ఒక చుక్కని తీసుకుంటుంది. ఆ చుక్క ఎక్కడ పడుతుందో మన వేలే మనకి అడ్డం. ఎద్దు కన్ను గీస్తే కొమ్ము దగ్గర పడేది. సరే అని 200 పెట్టి రబ్బరు మొన ఉన్న స్టైలస్ కొన్నా. మీరు మాత్రం కొనకండి. అది కర్రకి తగిలించిన వేలు, అంతే. గట్టిగా నొక్కినా, మెల్లగా ఆనించినా గీత ఒకే మందంలో వస్తుంది.

నొక్కుడుని బట్టి గీత మందం మారాలంటే పెన్ టాబ్లెట్ కావాలి. వన్ బై వేకమ్ చిన్న సైజుది మూడు వేల చిల్లరకి తీసుకున్నా. దీని పెన్నుకి బ్యాటరీ ఉండదు. టాబ్లెట్ లోపలున్న కాయిల్స్ ఏర్పరిచే అయస్కాంత క్షేత్రం నుంచే పెన్నుకి కరెంట్ అందుతుంది. దీంట్లో ప్రెషర్ లెవెల్స్ 2048. వేరే బ్రాండ్లు 8192 అని బాక్సు మీద పెద్ద అక్షరాలతో వేస్తాయి. నా ఉద్దేశంలో బిగినర్‌కి ఆ తేడా చేతికి తెలీదు, ఆ నంబర్ చూసి ఎక్కువ డబ్బులు పెట్టక్కర్లేదు. స్క్రీన్ మీదే గీయాలనుకునేవాళ్ళకి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ లాంటివి ఉన్నాయి, ఎస్ పెన్ బాక్సులోనే వస్తుంది. నా బడ్జెట్ అంత లేదు.

ఇక్కడ ఒక విషయం నాకు 4 రోజులు తినేసింది. నేను ఎంత గుండ్రంగా గీసినా స్క్రీన్ మీద కోడిగుడ్డులా వస్తోంది. చేతిలోనే లోపం అనుకుని పేజీలు పేజీలు సున్నాలు చుట్టా. తీరా చూస్తే, టాబ్లెట్ గీసే స్థలం 152 మిల్లీమీటర్ల పొడవు, 95 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే 16:10. మా అన్న ల్యాప్‌టాప్ స్క్రీన్ 16:9. చిన్న పలకని పెద్ద పలక మీదకి సాగదీసినట్టు, ప్రతి గీతా అడ్డంగా సుమారు 11 శాతం సాగిపోతోంది. డ్రైవర్ సెట్టింగ్స్‌లో ఫోర్స్ ప్రపోర్షన్స్ అని ఉంటుంది, టిక్ పెడితే సరిపోయింది. కొత్త టాబ్లెట్ కొన్నవాళ్ళు గీయకముందే ఇది చూసుకోండి. టేబుల్ మీద చెయ్యి, స్క్రీన్ మీద చూపు అలవాటవడానికి మాత్రం వారం పట్టింది, దానికి సెట్టింగ్ ఏమీ లేదు.

సాఫ్ట్‌వేర్ క్రిటా. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ లేదు. చెయ్యి వణికేవాళ్ళకి బ్రష్ టూల్ ఆప్షన్స్‌లో స్టెబిలైజర్ ఉంటుంది, గీతని కాస్త వెనక నుంచి లాక్కొస్తూ నున్నగా చేస్తుంది. మరీ ఎక్కువ పెడితే గీత మన మాట వినదు, మధ్యలో ఉంచుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కార్టూన్లలో చాలావరకు ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకి 12 బొమ్మలు గీస్తే చాలు. చాలు అన్న మాట చదవడానికి బాగుంటుంది. నా మొదటి ఎద్దుకి గంగడోలు మడతలు, మూపురం మీద నీడ, కొమ్ములకి రంగు పూసలు, మెడలో గంటల పట్టెడ గీశా. పట్టెడలో 14 గంటలు. ఒక్క బొమ్మగా చూస్తే అదిరిపోయింది, స్టేటస్ కూడా పెట్టుకున్నా. తర్వాత లెక్క వేశా. 14 గంటలు, సెకనుకి 12 బొమ్మలు, అంటే సెకను నడకకి 168 గంటలు గీయాలి. నేను అనుకున్న వీడియో 8 సెకన్లు.

క్యారెక్టర్ డిజైన్ అంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది. ఒక గీత గీస్తున్నామంటే దాన్ని వందసార్లు గీయడానికి ఒప్పుకుంటున్నట్టే. ఛోటా భీమ్‌ని గమనించండి. 2008లో పోగోలో మొదలైన ఆ సిరీస్ మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళది. చొక్కా లేదు, ఒక పంచె, గుండ్రటి తల. చొక్కా లేకపోతే మడతలు లేవు, గుండీలు లేవు. పిల్లాడు ఎటు తిరిగినా ఆ ఆకారంతోనే గుర్తుపడతాం. బాపు గారి బొమ్మలు యానిమేషన్ కోసం గీసినవి కావు గానీ, బుడుగుని చూస్తే ఎన్ని గీతలు అవసరం లేదో తెలుస్తుంది.

అందుకే ఎద్దుని విప్పేశా. పొట్ట ఒక పెద్ద కోడిగుడ్డు, దాని మీద మూపురం ఒక చిన్న కొండ, తల కింద చివర గుండ్రంగా చేసిన త్రికోణం, గంగడోలు ఒకే ఒక్క వంపు గీత. 14 గంటల బదులు ఒక్క గంట, కాస్త పెద్దది. తర్వాత మొత్తం బొమ్మని నల్లరంగుతో నింపి చూశా. ఎద్దు అని తెలిసిపోతోంది, మూపురమే చెప్పేస్తోంది. మీ క్యారెక్టర్‌ని కూడా ఇలా నల్లగా నింపి, పక్కవాళ్ళకి చూపించి అడగండి. గుర్తుపట్టలేదంటే రంగులు వేసినా పెద్దగా లాభం ఉండదు.

నడిపించే పద్ధతి ఇది. ముందు ముఖ్యమైన భంగిమలు మాత్రమే గీయాలి, వాటిని కీ ఫ్రేమ్స్ అంటారు. తర్వాత వాటి మధ్య బొమ్మలు నింపాలి. క్రిటాలో ఆనియన్ స్కిన్ ఆన్ చేస్తే, అంటే టైమ్‌లైన్‌లో లేయర్ పక్కనున్న బల్బు బొమ్మ నొక్కితే, ముందు ఫ్రేము ఒక రంగులో, తర్వాతి ఫ్రేము ఇంకో రంగులో పల్చగా కనపడతాయి. ట్రేసింగ్ పేపర్ పెట్టుకున్నట్టే. గరుకు గీతలకి ఒక లేయర్, ఫైనల్ గీతకి ఇంకొకటి, రంగుకి మరొకటి. ఈ మూడింటినీ కలిపేస్తే దిద్దుకోవడం నరకం, నేను చేశాను కాబట్టి చెప్తున్నా. వెనక కొండవీడు కొండ కనపడాలని ఒక బొమ్మ గీసి పెట్టా. అది కదలదు కాబట్టి ఒక్కసారి గీస్తే వీడియో అంతా అదే.

ర్యామ్ గురించి కూడా చెప్పాలి. ఒక పిక్సెల్‌కి 4 బైట్లు అనుకుంటే, 1920×1080 సైజులో ఒక పూర్తి బొమ్మ దాదాపు 8.3 ఎంబీ. 8 సెకన్లకి 96 బొమ్మలు, 3 లేయర్లు అంటే 288. సుమారు 2.4 జీబీ. గీసిన భాగాన్నే క్రిటా గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి నిజానికి అంత పట్టదు గానీ, ప్లే చేయడానికి విడిగా మెమరీ తీసుకుంటుంది. మా అన్న ల్యాప్‌టాప్ 8 జీబీ, వెనక బ్రౌజర్ తెరిచి ఉంటే ఆగి ఆగి నడిచేది. 1280×720కి మార్చా, బరువు సగానికంటే తగ్గింది. నేర్చుకునే దశలో ఆ సైజు చాలు. గ్రాఫిక్స్ కార్డు లేకుండానే నా పని మొత్తం అయింది.

ఇంకొకటి, ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడైపోయి ఉంది, ఒకరోజు కరెంట్ పోయింది, 11 బొమ్మలు పోయాయి. ఆటోసేవ్ టైమ్ తగ్గించుకోండి.

నడక దగ్గర మూడు వారాలు ఆగిపోయా. గుర్తున్నట్టు గీస్తే ఎద్దు కాస్తా చెక్క గుర్రంలా పోతోంది. మా ఇంట్లో ఎడ్లు నాకు ఊహ తెలిసేసరికే పోయాయి, ట్రాక్టర్ వచ్చింది. చివరికి ఊళ్ళో పందెం ఎడ్లు మేపే ఒకాయన దగ్గరికెళ్ళి, పొద్దున్నే వాటిని తిప్పేటప్పుడు పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీశా. నా ఫోన్‌లో 120 ఫ్రేములు వస్తాయి. అందులో ప్రతి పదో ఫ్రేము తీసుకుంటే సరిగ్గా సెకనుకి 12 బొమ్మలు. మామూలు వీడియోలో కదిలే గిట్ట మసకగా వస్తుంది. స్లో మోషన్‌లో షట్టర్ వేగం ఎక్కువ కాబట్టి గిట్ట ఎక్కడ ఆనిందో స్పష్టంగా కనపడుతుంది. ఎండలో తీయండి, షెడ్డులో లైట్ల కింద తీస్తే వీడియో మినుకుమినుకుమంటుంది, మన కరెంట్ 50 హెర్ట్జ్ కదా.

ఆ ఫ్రేములు చూస్తే నా తప్పు తెలిసింది. నేను ఎదురెదురు మూలల కాళ్ళు, అంటే ముందు కుడి, వెనక ఎడమ ఒకేసారి లేపుతున్నా. అది దుడుకు పరుగు. నడిచే ఎద్దుకి వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి ఇలా ఒక్కోటిగా కాలు పడుతుంది. నా వీడియోలో ఒక పూర్తి చుట్టు 16 బొమ్మల్లో అయింది. ఆ 16 గీసి లూప్‌లో పెడితే ఎద్దు ఎంతసేపైనా నడుస్తుంది, వెనక కొండని పక్కకి జరపడమే. 96 కాదు, 16.

ప్రతిసారీ గీయడం కష్టం అనిపిస్తే ఇంకో దారి ఉంది. కాళ్ళు, తల, పొట్ట విడివిడిగా ఒక్కసారి గీసి, కీళ్ళ దగ్గర కలిపి తిప్పడం. మన తోలుబొమ్మలాట సరిగ్గా ఇదే. భుజం దగ్గర, మోచెయ్యి దగ్గర ముక్కలు దారంతో కట్టి, పుల్లతో ఆడిస్తారు. ఓపెన్‌టూంజ్‌లో స్కెలిటన్ టూల్ ఆ దారం పని చేస్తుంది. అది కూడా ఉచితమే, జపాన్ స్టూడియో ఘిబ్లీ వాడిన టూంజ్ సాఫ్ట్‌వేర్‌నే 2016లో ఓపెన్ సోర్స్ చేశారు. నేను ఒకరోజు ట్రై చేశా, మెనూలు చూసి తలనొప్పి వచ్చింది. చేతితో గీయడం కాస్త వచ్చాక మళ్ళీ చూస్తా.

ఎమ్‌పీ4గా రెండర్ చేసి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుకుని (వీడియోగా పంపితే క్వాలిటీ చంపేస్తుంది) నాన్నకి చూపించా. 8 సెకన్లు. మూడుసార్లు చూశాడు.

"నడక బాగానే ఉంది గానీ, ఆ తోకేందమ్మా కర్రలా? బతికున్న ఎద్దు తోక ఎప్పుడన్నా ఆగుద్దా?"

నిజమే. తోకకి వేరే లేయర్ పెట్టి మళ్ళీ గీశా. మొదలు ముందు కదలాలి, కుచ్చు ఆలస్యంగా వెంట రావాలి. కాళ్ళ లూప్ 16 బొమ్మలు కదా, తోకకి 24 పెట్టా. రెండూ కలిసి మళ్ళీ మొదటికి రావడానికి 48 బొమ్మలు, అంటే 4 సెకన్లు పడుతుంది. అందువల్ల లూప్ అని చూసేవాళ్ళకి తొందరగా దొరకదు.

ఇది గీస్తుండగానే 2 నెలల గడువు అయిపోయింది. కోర్సు అనవసరం అని నేను అనట్లేదు, కథ చెప్పడం, స్టోరీబోర్డు, పక్కన కూర్చుని తప్పులు దిద్దేవాళ్ళు నాకింకా కావాలి. కానీ ఇప్పుడు వెళ్తే ఏం అడగాలో తెలిసి వెళ్తా. 30 సెకన్ల వీడియో పూర్తయ్యాక చూద్దాం అని ఇంట్లో అనుకున్నాం. ఇన్‌స్టిట్యూట్ నుంచి ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ ఆదివారమే ఆఖరు అంటున్నారు.

కొత్త తోక చూసి నాన్న, "సరే, రెండో ఎద్దేది? ఒంటెద్దుతో బండి ఎట్టా లాగిస్తావు?" అన్నాడు. మొదటి ఎద్దు లేయర్లనే కాపీ చేసి, 5 ఫ్రేములు వెనక్కి జరిపి, కొమ్ములు మాత్రం మార్చా. జరపకుండా పెడితే రెండూ పరేడ్ చేస్తున్నట్టు ఉన్నాయి. ఇప్పుడు కాడి గీస్తున్నా.