స్టెప్నీ చక్రమును బిగించు విధము

మన కోలారు జిల్లాలో స్టెప్నీ అను మాట ఎఱుగనివారు లేరు. శ్రీనివాసపురము నుండి మామిడికాయలు తోలువాడును, కోలారు మండీకి టమాటాలు చేరవేయువాడును ఆ మాటనే పలుకుదురు. తెలుగువారు, కన్నడిగులు, తమిళులు అందఱును అది తమ మాటయే అనుకొందురు. నిజమునకు అది ఒక వీధి పేరు. బ్రిటనులోని వేల్స్ ప్రాంతమున లనెల్లీ అను ఊరు కలదు. అచ్చటి స్టెప్నీ వీధిలో వ్యాపారము చేయుచుండిన డేవీస్ సోదరులు 1904లో ఒక క్రొత్త సాధనమును కల్పించిరి. ఆనాటి మోటారుబండ్లలో అదనపు చక్రము ఉండెడిది కాదు. పంచరు పడినచో నడిదారిలో కూర్చుండి టైరు విప్పి అతుకు వేయవలసి వచ్చెడిది. డేవీస్ సోదరులు ఆకులు లేని రిమ్మునకు గాలి నింపిన టైరు తొడిగి, దానిని పంచరైన చక్రము ప్రక్కన కొక్కెములతో బిగించునట్లు చేసిరి. ఆ సాధనము పోయినది. పేరు మాత్రము మన దేశమున నిలిచినది.

ఇప్పుడు పాత పికప్ బండ్ల సంగతి చూతము. విల్లీస్ పికప్ అమెరికాలో 1947 నుండి 1965 వరకు తయారైనది. మహీంద్రా వారు 1940ల చివర విల్లీస్ జీపులను మన దేశమున కూర్చ నారంభించిరి. అట్టి పాతబండిని బాగుచేసి రంగు వేయించి ముచ్చటగా చూచుకొనువారు ఇంజను నెంతయో శ్రద్ధతో సవరింతురు గాని, స్టెప్నీని మాత్రము ఏదో ఒక నట్టుతో తగిలించి ఊరకుందురు. ఇది చాల ప్రమాదకరము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి నుండి ఊడిన చక్రము వేగము, 14 మీటర్ల ఎత్తునుండి జాఱిపడిన వస్తువు నేలను తాకునప్పటి వేగమునకు సమానము. పైగా అది గుండ్రనిది గావున పడినచోట నిలువదు, దొర్లుచు పోవును. దాని బరువు ఇరువది కిలోలకు మించును. దారిలో సైకిలుపై పోవు బాలుడు దానినుండి తప్పుకొనుట యెట్లు?

బండి ప్రక్కన తగిలించు స్టెప్నీకి ఒక ఇనుప పట్టెయు, దానికి మూడు బోల్టులో అంతకంటె ఎక్కువో ఉండును. చక్రపు నడిమి డిస్కు ఆ పట్టెపై సమతలముగా ఆనవలెను. నట్టునకు ఒకవైపు శంకువువలె ఏటవాలుగా నుండును. ఆ వైపే డిస్కు రంధ్రములోనికి పోవలెను. అప్పుడే చక్రము నడుమకు కుదురుకొనును. నట్టు త్రిప్పి పెట్టినచో అది అంచుమీద మాత్రమే ఆని కొలది దినములకే వదులగును. ముందు అన్ని నట్టులను చేతితో ఎక్కించి, పిమ్మట పానాతో వంతులవారీగా కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక్కదానినే మొదట పూర్తిగా బిగించినచో చక్రము ఒకవైపునకు వ్రాలును. క్రొత్తగా రంగు వేయించిన బండ్లలో ఇంకొక చిక్కు కలదు. నట్టు క్రింద రంగు పొర దళముగా నున్నచో అది కాలక్రమమున నలిగి అణగును. బిగింపు తానే సడలును. కావున నట్టు ఆను చోట రంగును గీకివేయుట మేలు.

చాసిస్ క్రింద గొలుసుతో వ్రేలాడదీయు స్టెప్నీ విషయమున మరింత జాగ్రత్త కావలెను. బురద పట్టి గొలుసు లంకెలు లోలోపల తుప్పుపట్టును. మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు ఛాంపియన్ రీఫ్ గనిలో ఇనుపత్రాటిని నమ్ముకొని దిగిన కార్మికుల ఊరు మనది. వ్రేలాడు వస్తువును పరీక్షించుట ఎంత ముఖ్యమో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. (ఆ గనులు 2001లో మూతపడినవి.) గొలుసు బిగించిన పిదప చక్రమును రెండు చేతులతో ఊపి చూడవలెను. ఏమాత్రము కదలినను ఇంకను బిగింపవలసినదే. పొగగొట్టమునకు రబ్బరు తగులరాదు. వీలున్నంతవరకు గాలిమూతి కనబడునట్లు పెట్టిన, చక్రము దింపకయే గాలి కొలువవచ్చును.

అవసరము వచ్చి స్టెప్నీని ఇరుసునకు ఎక్కించునప్పుడు తెలిసియుండవలసినవి కొన్ని కలవు. పాత విల్లీస్ బండ్లలో పెక్కింట ఎడమప్రక్క చక్రములకు ఎడమచుట్టు మరలు ఉండును. వానిని విప్పుటకు పానాను గడియారపు ముల్లు తిరుగు దిక్కునకే త్రిప్పవలెను. ఇది తెలియక బలమంతయు చూపి బోల్టులను విఱుగగొట్టువారు కలరు. బోల్టు కొనపై ఆంగ్లాక్షరము 'ఎల్' చెక్కియున్నదేమో ముందుగా చూచుట మంచిది. నాలుగు చక్రములకును బలమందు బండిలో స్టెప్నీ కొలత తక్కిన టైర్లతో సరిపోవలెను. లేనిచో గట్టిరోడ్డుపై ముందు ఇరుసును కలిపి నడుపునప్పుడు గేర్లు ఒకదానినొకటి పట్టి నొక్కును.

రెండు ముక్కలుగా బోల్టులతో బిగించిన రిమ్ములు కొన్ని పాతబండ్లకు ఉండును. ట్యూబులో గాలి ఏమాత్రమున్నను ఆ రిమ్ము బోల్టులను విప్పరాదు. ముక్క ఎగిరి తగిలినచో ప్రాణమునకే ముప్పు. గాలిమూతి లోపలి సూదిని తీసి, గాలి అంతయు పోయినదని నిశ్చయించుకొన్న మీదటనే పానా పట్టవలెను. విద్యార్థులు ఈ పనికి పూనుకొనక, తెలిసిన మేస్త్రీకి అప్పగించవలెనని మా కోరిక.

వాడకున్నను రబ్బరు ఎండకు, గాలికి పగుళ్లుబాఱును. 2000 తరువాతి టైర్ల ప్రక్కన నాలుగంకెలు అచ్చుపడియుండును. '2319' అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ఈసారి ఏ బండి ప్రక్కనైనను నిలుచున్నప్పుడు ఆ అంకెలను చదివి చూడుడు.