సత్సంకల్పము – ఆత్మవంచన – అణువిద్యుత్తు

ఇతరులను మోసగించాలంటే మానవుడు ఎంతో ప్రయాసపడాలి. తనను తాను మోసగించుకోవడానికి మాత్రం ఏ ప్రయాసా అక్కరలేదు. సంకల్పం మంచిదైనప్పుడు ఆ పని మరీ సులభం. “నేను లోకహితం కోరుతున్నాను, కనుక నా లెక్క తప్పు కాజాలదు” అని మనస్సు తనకు తానే తీర్పు చెప్పుకొంటుంది. మన కళాశాలలో నిత్యం వినిపించే రెండు భాషలలోనూ ఈ స్థితికి తగిన మాటలున్నాయి. తెలుగులో ఆత్మవంచన అంటాము. ఉర్దూలో ఖుష్‌ఫహమీ అంటారు. తనకు ప్రియమైనదే వాస్తవమని తలచి సంతోషించడం అని దాని భావం. మొదటి మాటలో నింద ఉన్నది. రెండవ మాటలో ఆ స్థితిలోని హాయి కూడా ఉన్నది. ఆ హాయి ఎంతదూరం తీసుకొనిపోగలదో తెలుసుకోవడానికి అణువిద్యుత్తు చరిత్ర ఒక మంచి పాఠం.

1938 డిసెంబరులో జర్మనీలో ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ చేసిన ప్రయోగంలో యురేనియం కేంద్రకం రెండుగా చీలినది. ఆ ఫలితానికి సరియైన వివరణ ఇచ్చినవారు లీజె మైట్నర్, ఆటో ఫ్రిష్. ఒక కిలోగ్రాము యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే సుమారు 3,000 టన్నుల బొగ్గు మండినంత ఉష్ణం వెలువడుతుంది. ఇంతటి శక్తి లోకానికి మొదట పరిచయమైనది దీపంగా కాదు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలపై బాంబుగా. ఆ పాపభారం శాస్త్రలోకాన్ని చాలాకాలం వెంటాడినది. అందుచేత 1953 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో శాంతి కొరకు అణుశక్తి అనే ఆశయాన్ని ప్రకటించినప్పుడు ఎందరో మేధావులకు ప్రాయశ్చిత్తమార్గం దొరికినట్లయినది.

ఆ ఉత్సాహంలోనే లెక్క తప్పినది. 1954లో అమెరికా అణుశక్తి సంఘాధ్యక్షుడు లూయీ స్ట్రాస్, రాబోయే తరాలవారికి మీటరుతో కొలవనక్కరలేనంత చౌకగా విద్యుత్తు లభించగలదని ఆశపడ్డాడు. 1955లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశానికి అధ్యక్షత వహించిన మన హోమీ భాభా, కేంద్రక సంయోగ శక్తిని కూడా ఇరవై సంవత్సరాలలో మానవుడు అదుపులోనికి తెచ్చుకొనగలడని జోస్యం చెప్పాడు. ఆ ఇరవై ఏండ్లు గడచి మరి యాభై ఏండ్లు గడచినవి. సంయోగశక్తితో నడిచే విద్యుత్కేంద్రం ప్రపంచంలో ఇంకా ఎక్కడా లేదు. మన దేశంలో 1969లో తారాపూర్ కేంద్రం పని ప్రారంభించినది. 2000 నాటికి 10,000 మెగావాట్లు సాధించాలని 1980లలో లక్ష్యం పెట్టుకొన్నాము. ఆ సంవత్సరం వచ్చేసరికి మనకున్నది సుమారు 2,700 మెగావాట్లు. 1974 పోఖ్రాన్ పరీక్ష తరువాత విదేశాలు ఇంధనాన్ని, యంత్రసామగ్రిని నిరాకరించిన మాట నిజమే. కాని ఆ అడ్డంకి కళ్లెదుట ఉండగానే కదా లక్ష్యాన్ని నిర్ణయించుకొన్నది! “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అనే సామెత ఇక్కడ గుర్తుకు రాక మానదు.

వీరెవరూ అబద్ధీకులు కారు. భాభా వంటి దేశభక్తుడు, ప్రతిభావంతుడు అరుదు. ఆత్మవంచనకు మూర్ఖత్వం అవసరం లేదని, గాఢమైన కోరిక ఒక్కటే చాలునని చూపడానికే ఈ ఉదాహరణలు.

ఇప్పుడు మరొక గొప్ప సంకల్పం అణువిద్యుత్తును ముందుకు తెచ్చినది. బొగ్గు, చమురు మండించడం వలన వెలువడే బొగ్గుపులుసు వాయువు భూగోళాన్ని వేడెక్కిస్తున్నది. 2014లో వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం ప్రకటించిన మధ్యమ అంచనాల ప్రకారం, గని తవ్వకం మొదలు కేంద్రాన్ని మూసివేసేవరకు అన్నిటినీ లెక్కలోనికి తీసుకొంటే, ఒక యూనిట్ విద్యుత్తుకు బొగ్గు వలన 820 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అణుకేంద్రం వలన వెలువడేది 12 గ్రాములు మాత్రమే. గాలిమర లెక్క కూడా ఇంచుమించు అంతే. ఈ అంకెలను కాదనడం కష్టం.

అయినా కాదన్నవారున్నారు. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా ప్రమాదం తరువాత జర్మనీ తన 17 రియాక్టర్లలో ఎనిమిదింటిని వెంటనే ఆపివేసినది. చివరి మూడింటిని 2023 ఏప్రిల్ 15న మూసివేసినది. 1986 చెర్నోబిల్ ధూళి తమ పొలాలపై పడిన జ్ఞాపకం ఉన్న ప్రజల భయాన్ని తేలికగా చూడరాదు. గాలి, సూర్యరశ్ముల వినియోగంలో ఆ దేశం సాధించిన ప్రగతి కూడా ప్రశంసనీయమే. కాని అణుకేంద్రాలు ముందు మూతపడినవి. బొగ్గుకు 2038 వరకు చట్టం గడువిచ్చినది. ముందుగా ఆపదగినది ఏది అనే ప్రశ్నకు అక్కడ భయం సమాధానమిచ్చినది. గ్రాముల లెక్క ఇవ్వలేదు. ప్రకృతిని ప్రేమించినవారే బొగ్గుపొగను మరికొంతకాలం సహించవలసి వచ్చినది.

ఇక సమర్థకుల సంగతి. ఫ్రాన్సు 1974లో చేపట్టిన ప్రణాళిక ఫలితంగా నేడు ఆ దేశపు విద్యుత్తులో సుమారు మూడింట రెండువంతులు అణుకేంద్రాలదే. అది గొప్ప విజయం. అదే ఫ్రాన్సులో ఫ్లామన్‌విల్ వద్ద మూడవ రియాక్టరు నిర్మాణాన్ని 2007లో ప్రారంభించి, 2012లో పూర్తి చేస్తామన్నారు. అది విద్యుత్తు అందించడం ప్రారంభించినది 2024 డిసెంబరులో. 330 కోట్ల యూరోలని వేసిన అంచనా 1,300 కోట్లు దాటినది. మన కల్పాక్కంలో 2004లో ప్రారంభమైన ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు 2010లో పూర్తి కావలసినది; దాని కోర్‌ను నింపే పని మొదలైనది 2024 మార్చిలో. ఇంత అనుభవం తరువాత కూడా 2023 డిసెంబరులో దుబాయి సమావేశంలో ఇరువదికి పైగా దేశాలు 2050 నాటికి అణువిద్యుత్తును మూడింతలు చేస్తామని ప్రతిజ్ఞ చేసినవి. ప్రపంచ విద్యుత్తులో అణువిద్యుత్తు భాగం 1996లో 17 శాతానికి పైగా ఉండగా, ఆ ప్రతిజ్ఞ నాటికి 9 శాతానికి తగ్గినది. వాతావరణం మన ప్రతిజ్ఞలను లెక్కించదు. ఏ సంవత్సరంలో ఎంత బొగ్గు మండినదో దానినే లెక్కిస్తుంది.

సౌరశక్తి అభిమానులు దీనిని చూసి నవ్వుకోనక్కరలేదు. 2022 నాటికి లక్ష మెగావాట్ల సౌరవిద్యుత్తు అని 2015లో మన దేశం నిర్ణయించుకొన్నది. ఆ అంకెను అందుకొన్నది 2025 జనవరిలో. అదీగాక రాత్రివేళ సూర్యుడు లేడు. సామర్థ్యంలో మెగావాటుకు మెగావాటు సమానమైనా, సంవత్సరం పొడవునా వచ్చే విద్యుత్తులో అణుకేంద్రం సౌరకేంద్రానికి నాలుగురెట్లు.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. దేశంలోని రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే నూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు 1971 నుండి హైదరాబాదులో ఉన్నది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నది. వ్యర్థాల చెరువు వలన తమ భూగర్భజలం పాడవుతున్నదని పరిసర గ్రామాల రైతులు చాలాకాలంగా మొరపెట్టుకొంటున్నారు. గనిని నడిపేవారు దానిని అంగీకరించడంలేదు. నల్లమల అడవులలో యురేనియం తవ్వరాదని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించినది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు ప్రతిపాదించారు. తమ ఊరు ఏమవుతుందోనని అక్కడి మత్స్యకారులు ఏండ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. సత్సంకల్పం ఒకరిది, దాని మూల్యం మరొకరిది అయినచోట ఆత్మవంచన నిశ్చింతగా పెరుగుతుంది. బావినీటిని గురించి రైతు అడిగిన ప్రశ్నకు ఇచ్చే జవాబు, మానవజాతి రక్షణను గురించిన ఉపన్యాసం కారాదు. నీటిని పరీక్షించి ఆ ఫలితాన్ని అతని చేతికి ఇవ్వడమే జవాబు.

విద్యార్థి మిత్రులారా! అణువిద్యుత్తు మంచిదా, చెడ్డదా అని ఒక్కమాటలో తేల్చమని కోరేవారు మీకు తరచు ఎదురవుతారు. నా అభిప్రాయంలో, నడుస్తున్న సురక్షితమైన కేంద్రాలను బొగ్గుకన్నా ముందు మూయడం తప్పు. ఇరవై ఏండ్లకు రాబోయే రియాక్టరు పేరు చెప్పి నేడు చేయగల పనిని వాయిదా వేయడం అంతకన్న పెద్ద తప్పు. మీరు దీనితో ఏకీభవించనక్కరలేదు. కాని ఏ పక్షాన నిలిచినా మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: “ఏ అంకె కనిపిస్తే నా అభిప్రాయం మార్చుకొంటాను?” ఆ ప్రశ్నకు సమాధానం దొరకకపోతే, మీ వద్ద ఉన్నది అభిప్రాయం కాదు, ఖుష్‌ఫహమీ. ప్రయోగశాలలో మన కోరికకు విరుద్ధంగా వచ్చిన ఫలితాన్ని కూడా నోటుపుస్తకంలో వ్రాయాలని మీ అధ్యాపకులు మొదటిరోజే చెప్పి ఉంటారు. ఆ నియమాన్ని ప్రయోగశాల వెలుపల కూడా పాటించడమే విద్యావంతుని లక్షణం. సత్సంకల్పానికి నిజమైన రక్షణ ఆ నోటుపుస్తకమే.