పరుగుకు ముందు ఒళ్ళు వేడి చేసుకోవాలి – ఎందుకు?



చలికాలం మన ఏజెన్సీలో తెల్లారి లేస్తే పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. మనం దుప్పటి కప్పుకుని కూర్చుంటాం. విజిల్ వేయగానే దుప్పటి పడేసి ఒక్కసారే పరుగెత్తుతాం. అప్పుడే పిక్కలు పట్టేస్తాయి. ఎందుకో తెలుసుకుందాం.

ఒంట్లో వేడి ఎక్కడిది?

మన ఒంటి వేడి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడ్. బయట ఎంత చలి ఉన్నా లోపల దాదాపు అంతే ఉండాలి. పొయ్యికి కట్టెలు ఎలాగో ఒంటికి చోడి అంబలి, అన్నం, పప్పు అలాగ. కండలు పనిచేసేటప్పుడు తిండిలోని శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి 100 పాళ్ళు అనుకుంటే పనికి ఉపయోగపడేది 20 నుంచి 25 పాళ్ళే. మిగతాదంతా వేడిగా మారిపోతుంది. అందుకే మన అమ్మలు ఎంత చలిలోనైనా కట్టెల మోపుతో కొండెక్కితే చెమటతో తడిసిపోతారు. చలికి వణుకు రావడం కూడా ఇదే. మనం కదలకపోతే కండలే గబగబా కదిలి వేడి పుట్టిస్తాయి.

దుప్పటి వేడి పుట్టించదు. ఉన్న వేడిని పోనీయదు, అంతే. చలిమంట కాచుకుంటే చర్మం వెచ్చబడతాది గాని లోపల తొడ కండ అంతగా వేడెక్కదు. మాలావత్ పూర్ణ అక్క మనలాగే గిరిజన పిల్ల, గురుకులంలో చదివింది. 14 ఏళ్ళు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అక్కడ మందం బట్టలు వేడిని కాపాడాయి. ఎక్కేటప్పుడు వేడి పుట్టించింది ఆమె కండలే.

వేడెక్కితే ఏం లాభం?

ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు కండలకు పోతుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు ముప్పాతిక వంతు దాటి పోతుంది. ఈ మార్పుకి కొన్ని నిమిషాలు కావాలి.

చల్లని కండ బిర్రుగా ఉంటాది. వెచ్చని కండ బాగా సాగుతాది, తొందరగా పనిచేస్తాది. చలికి మన కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, వేడి తగిలితే జారుతుంది కదా? కీళ్ళలో ఉండే ద్రవం గడ్డకట్టదు గాని, కదిలేకొద్దీ పలచబడి కీలు సులువుగా తిరుగుతుంది.

మన దింసా చూడండి. మొదట అడుగులు మెల్లగా, తరవాతే జోరు!

ఎలా చెయ్యాలి?

1. మణికట్టు మీద నాడి పట్టి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చించండి.
2. 5 నిమిషాలు మెల్లగా నడిచి, మెల్లగా పరుగెత్తండి.
3. 3 నిమిషాలు చేతులు, నడుము, మోకాళ్ళు, చీలమండలు తిప్పండి. కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపండి.
4. 2 నిమిషాలు కొంచెం జోరుగా పరుగెత్తండి. మళ్ళీ నాడి చూడండి, పెరిగి ఉంటాది.

తరవాత కూర్చోవద్దు, చల్లారిపోతారు. కండని లాగి చాలాసేపు ఉంచే వ్యాయామాలు పరుగు అయ్యాక చెయ్యండి. జ్వరం ఉంటే, కళ్ళు తిరిగితే పరుగెత్తకుండా మేడమ్‌కి చెప్పండి.

దీనివల్ల దెబ్బలు అసలే తగలవని కాదు, తగ్గుతాయి. పోయిన చలికాలం ఒక అక్క లేచిన వెంటనే 200 మీటర్లు పరుగెత్తింది. తొడ పట్టేసి ఆటల పోటీలకు పోలేకపోయింది. తను పోటీలకు బస్సెక్కడం అదే మొదటిసారి అయ్యేది. బట్టలు సర్దిన సంచి మళ్ళీ విప్పుకుంది.

వార్డెన్ మేడమ్ గారూ, మేము స్టడీ అవర్ తగ్గించమని అడగట్లేదు. విజిల్ 10 నిమిషాలు ముందు వేయండి చాలు. దుప్పటిలో కూర్చునే ఆ 10 నిమిషాలు గ్రౌండులో ఉంటాం.

– 9వ తరగతి విద్యార్థిని