బొమ్మ పడితే బొరుసు ఎందుకు పడదు?

లెక్కల పుస్తకంలో ‘మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్’ అన్న మాట చూసి బెదిరిపోయారా? దాన్ని విడదీసి చూద్దాం.

మ్యూచువల్ అంటే ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ ఉండేది. మనం ‘ఇచ్చిపుచ్చుకోవడం’ అంటామే, అలాంటిదన్నమాట. గౌరవం ఒకవైపే ఉంటే అది మ్యూచువల్ కాదు.

ఎక్స్‌క్లూజివ్ లాటిన్ నుంచి వచ్చింది. ‘ఎక్స్’ అంటే బయట, ‘క్లౌడెరె’ అంటే మూయడం. అంటే బయటే ఉంచి తలుపేయడం! ధర పక్కన ‘ఎక్స్‌క్లూజివ్ ఆఫ్ ట్యాక్స్’ అని ఉంటే, పన్ను అందులో కలపలేదని అర్థం.

రెండు మాటలూ కలిస్తే? ఒకదాన్నొకటి రానివ్వనివి. నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసూ ఒకేసారి పడవు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవుగా! తెలుగు లెక్కల పుస్తకాల్లో ఇలా కలిసి జరగనివాటిని ‘పరస్పర వివర్జిత ఘటనలు’ అంటారు.

పాచిక వేస్తే సరి సంఖ్య, బేసి సంఖ్య కలిసి రావు. మరి సరి సంఖ్య, ప్రధాన సంఖ్య? వస్తాయి. 2 పడితే అది సరి సంఖ్యే, ప్రధాన సంఖ్య కూడా!

ఇక ఇంట్లో ధైర్యంగా చెప్పండి: “అమ్మా, ఆటా చదువూ మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్ కావు!”