మొసలి కన్నీరు: ఒక ఆంగ్ల జాతీయం తెలుగైన తీరు

‘మొసలి కన్నీరు కార్చడం’ అనే జాతీయాన్ని నేటి తెలుగు పాఠకులు పరాయిదిగా భావించరు. మెట్టసేద్యం ప్రధానమైన కడప జిల్లా సింహాద్రిపురం ప్రాంతంలోనూ దీనికి అర్థం చెప్పనక్కరలేదు. రైతుల కష్టాలపై నాయకులు ఒకరినొకరు విమర్శించుకొనే సందర్భాలలో పత్రికలు దీనిని విరివిగా వాడుతాయి. అయితే దీని పుట్టినిల్లు తెలుగునేల కాదు.

మనిషిని చంపిన మొసలి అతని కోసం ఏడుస్తుందన్న కథ ఐరోపాలో చాలా పాతది. 9వ శతాబ్దికి చెందిన కాన్‌స్టాంటినోపుల్ పండితుడు ఫోటియస్ రచనలో ఇది కనిపిస్తుంది. 14వ శతాబ్దిలో మాండెవిల్ పేరిట వెలువడిన యాత్రాగ్రంథం దీనికి విస్తృత ప్రచారం కల్పించింది. 16వ శతాబ్ది నాటికి ఆంగ్లంలో కపట దుఃఖమనే లాక్షణికార్థం స్థిరపడింది. షేక్స్‌పియర్ ‘ఒథెల్లో’ నాటకంలో భార్యను శంకించే నాయకుడు ఆమె కన్నీటిని మొసలితోనే ముడిపెడతాడు.

కథ పూర్తిగా కల్పితమూ కాదు. మొసలి జాతి జీవులు తినేటప్పుడు వాటి కళ్లు చెమర్చడాన్ని పరిశోధకులు గమనించి 2007లో ‘బయోసైన్స్’ పత్రికలో ప్రకటించారు. దానికి దుఃఖంతో సంబంధం లేదు.

తెలుగు సాహిత్య సంప్రదాయంలోని మొసలి వేరు. పోతన గజేంద్రమోక్షంలోనూ, స్థానబలిమిని చెప్పిన వేమన పద్యంలోనూ అది పట్టుకూ బలానికీ ప్రతీక. పంచతంత్రంలో కోతిని నమ్మించిన మొసలి వంచకమే. కాని దాని సాధనం స్నేహపూర్వకమైన ఆహ్వానం, కన్నీరు కాదు. ఏడ్చే మొసలి ఆంగ్ల విద్యతో, అనువాదాలతో వచ్చినదని భావించడమే సమంజసం.

‘దొంగ ఏడుపు’, ‘కల్లబొల్లి ఏడుపు’ వంటి దేశీయ ప్రయోగాలుండగా ఈ అరువు ఎందుకు నిలిచింది? దొంగ ఏడుపు ఏడ్చేవాడు దుఃఖాన్ని నటిస్తాడు, అంతే. మొసలి కన్నీరులో అదనంగా మరొక ఆరోపణ ఇమిడి ఉంది: ఏడ్చేవాడే హానికి కారకుడు. రాజకీయ విమర్శకు కావలసిన పదును సరిగ్గా ఇదే. నిఘంటువులు రెండింటినీ ‘కపట దుఃఖం’ అనే ఒక్క అర్థంతో సరిపెడితే ఈ భేదం మరుగున పడుతుంది. 1820లో కడపకు వచ్చి, తెలుగు పదాలకు ఆంగ్లార్థాలను ప్రయోగాలతో సహా కూర్చి 1852లో నిఘంటువు వెలువరించిన సి.పి. బ్రౌన్ పద్ధతి ఇక్కడ ఆదర్శప్రాయం. అనువాదకుడు కూడా ఏడ్చే పాత్రకు ఆ హానిలో భాగముందో లేదో చూసుకొన్న తరువాతనే ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకోవలసి ఉంటుంది.