ఖరగ్‌పూర్ కార్మికులకు అండగా తెలుగు బారిస్టరు

ఖరగ్‌పూర్: బతుకుతెరువు కోసం తెలుగు కుటుంబాలెన్నో తరలివచ్చిన ఈ రైల్వే పట్టణ చరిత్రలో ఒక న్యాయవాది పేరు ప్రముఖంగా నిలిచింది. ఆయనే అనంతర కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వరాహగిరి వెంకటగిరి.

1894లో బరంపురంలో జన్మించిన గిరి ఐర్లండ్‌లో న్యాయశాస్త్రం చదివి, 1916లో స్వదేశం చేరి ప్రాక్టీసు ప్రారంభించారు. స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించి వృత్తిని వదులుకున్నారు.

సమ్మెకు నాయకత్వం వహించేవారికి అప్పట్లో చట్టరక్షణ లేదు. మద్రాసులోని బకింగ్‌హామ్, కర్ణాటక మిల్లుల యాజమాన్యం దావా వేయగా కార్మిక నాయకుడు బి.పి.వాడియాపై హైకోర్టు నిషేధ ఉత్తర్వు జారీ చేసింది. రిజిస్టరైన సంఘాలకు ఇటువంటి దావాల నుంచి 1926 నాటి కార్మిక సంఘాల చట్టం రక్షణ కల్పించింది.

మరుసటి ఏడాదే ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సిబ్బంది తగ్గింపును ప్రతిఘటిస్తూ బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. వారికి గిరి నాయకత్వం వహించారు.

1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన తరువాత, వివాదాలను ట్రిబ్యునళ్లకు నివేదించడం కంటే ఉభయ పక్షాలూ ముఖాముఖి చర్చించుకోవడమే మేలని ఆయన వాదించారు. అయినా, బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా 1954లో మంత్రి పదవికి రాజీనామా చేసినదీ ఆయనే.